200 యూనిట్ల గీత: మా ఇంటి కరెంటు బిల్లు మీద నాలుగు నెలల డైరీ

మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు, కింద మేము, పైన ఒక అద్దె పోర్షను. మా ఇంట్లో నలుగురం. ఏసీ లేదు, కూలరు ఉంది. పోయిన ఎండాకాలం మూడు బిల్లులు వరసగా 200 యూనిట్లు దాటాయి (264, 281, 228), ఈసారి దాటకూడదనేదే ప్రాజెక్టు. చేసిన తప్పులే ఎక్కువ రాశాను, ఎందుకంటే డబ్బులు పోయింది అక్కడే.

దశ 1: ముందు రేట్లు అర్థం చేసుకోవాలి (మార్చి 31)

ఇది చేయకుండా నేను రెండేళ్ళు ఊరికే లైట్లు ఆర్పుకుంటూ తిరిగాను. తెలంగాణలో ఇళ్ళకు 2022 టారిఫ్ ఉత్తర్వుతో వచ్చిన రేట్లు ఇవి, నా బిల్లులన్నీ వీటి మీదే పడ్డాయి.

నెలకు 100 లోపు వాడితే: మొదటి 50కి యూనిట్ 1.95, తర్వాతి 50కి 3.10.
100 దాటి 200 లోపు అయితే: మొదటి 100కి 3.40, తర్వాతి 100కి 4.80.
200 దాటితే: మొదటి 200కీ 5.10, 201 నుంచి 300 దాకా 7.70, 400 దాకా 9.00, 800 దాకా 9.50, ఆపైన 10.

చాలామంది అనుకునేది, నేనూ అనుకున్నది ఏంటంటే 201వ యూనిట్‌కి మాత్రమే ఎక్కువ రేటు పడుతుందని. కాదు. 200 దాటగానే వెనక వాడిన 200 యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. లెక్క చూడండి: 200 యూనిట్లకు 340 + 480 = 820 రూపాయలు. 201కి 1,020 + 7.70 = 1,027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70. దానికి తోడు కస్టమర్ ఛార్జీ 90 నుంచి 100కి పోతుంది. 100 దగ్గర కూడా ఇలాంటి గీతే ఉంది (252.50 నుంచి 344.80కి), కానీ నలుగురున్న ఇంట్లో 100 లోపు అనేది మాకు కుదిరే పని కాదు కాబట్టి దాని జోలికి పోలేదు.

వీటికి ఫిక్స్‌డ్ ఛార్జీ కిలోవాట్‌కి 10 (మాది 2 కిలోవాట్ల లోడు, 20 రూపాయలు), యూనిట్‌కి 6 పైసల విద్యుత్ సుంకం కలుస్తాయి. ఏ గ్రూపులో పడతామన్నది ఏ నెలకానెల తేలుతుంది, పోయిన నెల పొదుపు ఈ నెలకు పనికిరాదు.

బెజవాడలో ఉండే మా అక్కతో ఇది చెబితే నవ్వింది. ఆంధ్రాలో 2022 దాకా వాళ్ళకీ ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి, ఆ ఏడాది తీసేసి అందరికీ ఒకే మెట్ల వరస పెట్టారు: 30 దాకా 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. అక్కడ 200 యూనిట్లకు 867, 201కి 873. ఎక్కిన మెట్టుకే డబ్బులు, కింది మెట్ల రేటు కదలదు. సర్దుబాటు ఛార్జీల పేరుతో అక్క బిల్లులో వేరే వడ్డింపులు ఉన్నాయి, అది ఆమె బాధ. ఈ గీతల టెన్షన్ మాత్రం లేదు.

దశ 2: మీటరు దగ్గర కూర్చోవడం (ఏప్రిల్ 1 – 4)

ఏప్రిల్ 1 ఉదయం రీడింగ్ 14,559.

850 పెట్టి ప్లగ్గులో పెట్టే వాట్‌మీటరు కొన్నాను. మొదటి రోజే దాన్ని పాడు చేయబోయాను. అది 6 ఆంపియర్ల పిన్ను, నేను కన్వర్టరు తగిలించి గీజరుకు పెట్టాను. రెండు నిమిషాలకు కాలిన ప్లాస్టిక్ వాసన. కన్వర్టరు మెత్తబడిపోయింది, వాట్‌మీటరు ఎలాగో బతికింది. గీజరు, ఏసీ లాంటివి దీనితో కొలవకండి.

పెద్ద లోడ్లకు ఖర్చు లేని పద్ధతి ఉంది. కరెంటు మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది కదా, దాని పక్కన 3200 అని రాసి ఉంది మా దాంట్లో. అంటే 3,200 మిణుకులకు ఒక యూనిట్.

1. ఇంట్లో అన్నీ ఆపి, కొలవాల్సిన ఒక్కటే వేయండి.
2. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 10 మిణుకులు లెక్కపెట్టండి. మొదటి మిణుకు సున్నా, ఒకటి కాదు. నేను ఒకటితో మొదలుపెట్టి ఒక రోజు కొలతలన్నీ తప్పు రాసుకున్నాను.
3. 1,125ని మిణుకుల సంఖ్యతో హెచ్చించి, పట్టిన సెకన్లతో భాగించండి. వచ్చేది వాట్లు. (మీ మీటరు మీద 3200 కాకుండా వేరే అంకె ఉంటే 36 లక్షలను ఆ అంకెతో భాగించి 1,125 బదులు అది వాడండి.)

ఫ్రిజ్‌కి ఈ పద్ధతి పనికిరాదు, అది ఆగుతూ నడుస్తూ ఉంటుంది. దానికి వాట్‌మీటరు పెట్టి 24 గంటలు వదిలేశాను.

మోటరు: నిమిషంలో 61 మిణుకులు, దాదాపు 1,150 వాట్లు. కూలరు 180. పాత ఫ్యాను 72. ఫ్రిజ్ రోజుకు 1.9 యూనిట్లు.

ఇక అసలు సంగతి. అన్నీ ఆపాను, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకాను, ఎర్ర లైటు ఇంకా మిణుకుతూనే ఉంది, 18 సెకన్లకొకసారి. 62 వాట్లు. ఏమీ నడవకుండానే! రెండు రోజులు నా బుర్ర పనిచేయలేదు. మీటరు తప్పు చూపిస్తోందని మీటరు టెస్టింగుకు డబ్బు కట్టడానికి సిద్ధపడ్డాను. పై పోర్షనులో అద్దెకుండే అబ్బాయి (తమ్ముడు అని పిలుస్తాను) మా లైన్లోంచి లాగుతున్నాడేమో అని కూడా అనుమానం వచ్చింది, సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను. చివరికి మెయిన్ ఆపి చూశాను, మిణుకు ఆగింది. అంటే మీటరు బాగానే ఉంది, తినేది ఇంట్లోనే ఎక్కడో ఉంది. ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకూ ఉండే స్విచ్చులు) ఒక్కోటి వేసుకుంటూ వస్తే మూడో దాని దగ్గర మళ్ళీ మొదలైంది. ఆ లైను పోయేది బీరువా వెనకాల ఉన్న ఇన్వర్టరుకు. దానికి స్విచ్చు కూడా లేదు, నేరుగా వైరింగులో కలిపారు, ఐదేళ్ళుగా అక్కడ ఉందన్న సంగతే మరిచిపోయాం.

మీటరు మీద అనుమానపడే ముందు మెయిన్ ఆపి చూడండి. పది సెకన్ల పని.

రోజువారీ పద్దు, యూనిట్లలో: ఫ్రిజ్ 1.9, ఇన్వర్టరు 1.5, మోటరు 1.3, ఫ్యాన్లు 1.2, లైట్లు టీవీ వైఫై కలిపి 0.7, కూలరు 0.5 (ఇంకా ఎండలు ముదరలేదు), మిక్సీ, వాషింగ్ మెషీను, ఇస్త్రీ 0.4. మొత్తం 7.5. మీటరు సగటు 7.4 చూపిస్తోంది, కాబట్టి ఏదీ తప్పిపోలేదు.

ఏప్రిల్ 9న వచ్చిన బిల్లు (31 రోజులు): 232 యూనిట్లు, 1,400 రూపాయలు. అంతకుముందు బిల్లు 186 యూనిట్లకు 874. పెరిగింది 46 యూనిట్లు, డబ్బు మాత్రం 526.

దశ 3: ఇన్వర్టరు తీసేశాం (ఏప్రిల్ 12)

బ్యాటరీ అతను వచ్చి హైడ్రోమీటరు (బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచేది) పెట్టి ఒక్కో సెల్లు చూశాడు. ఐదు సెల్లులు 1230కి అటూ ఇటూ, ఒకటి 1100. "ఒక సెల్లు చచ్చింది సార్, ఇది ఎప్పటికీ ఫుల్ అవ్వదు, రోజంతా ఛార్జింగ్ గుంజుతనే ఉంటది" అన్నాడు. పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. మేం పోసిన ఒకటిన్నర యూనిట్ అక్కడ వేడిగా పోతోంది. నీళ్ళు పోసి చూద్దామా అంటే లాభం లేదన్నాడు.

బ్యాటరీ తీసి ఇచ్చేశాను, 3,200 ఇచ్చారు. కొత్తది వానాకాలం దాకా వద్దనుకున్నాం. అమ్మకు ఇది నచ్చలేదు. మే నెలలో ఒక గాలివాన రాత్రి గంటన్నర కరెంటు పోయినప్పుడు విసనకర్ర ఊపుకుంటూ ఆమె నన్ను చూసిన చూపు పద్దులో రాయలేను.

ఏప్రిల్ 13 నుంచి సగటు 6.1.

పెట్టిన ఖర్చు 850, వచ్చింది 3,200.

దశ 4: తప్పు తేదీల లెక్క (మే 9)

ఏప్రిల్ 30తో, రోజూ రీడింగ్ రాసుకునే నా షీట్‌లో మొత్తం 198 యూనిట్లు. 200 లోపు! మా ఆవిడకు చూపించి కాలరెగరేశాను కూడా.

మే 9న బిల్లు చేతికొచ్చింది: 211 యూనిట్లు, 1,237 రూపాయలు.

ఏం జరిగిందంటే నేను లెక్కేసింది క్యాలెండర్ నెల, ఒకటి నుంచి ముప్పై. మాకు రీడింగ్ తీసేది 9వ తేదీన. ఏప్రిల్ 9 నుంచి 30 దాకా వాడింది 139, మే 1 నుంచి 9వ తేదీ పొద్దున దాకా వాడింది 72. అంటే ఆ ఎనిమిది రోజులు రోజుకు 9 యూనిట్లు, ఎందుకంటే ఎండలు ముదిరాయి, పైగా అక్క పిల్లలు సెలవులకు వచ్చారు, కూలరు పొద్దున పదింటికి వేస్తే అర్ధరాత్రి దాకా ఆగలేదు. ఏప్రిల్ మొదటి వారం చల్లదనాన్ని నేను నా ఖాతాలో వేసుకున్నాను, అది అంతకుముందు బిల్లులో ఎప్పుడో కలిసిపోయింది.

దాటిన 11 యూనిట్లకు ఎంత పోయింది? 200కే ఆగి ఉంటే బిల్లు 942. తేడా 295. యూనిట్‌కి దాదాపు 27 రూపాయలు. అక్కకు ఫోన్ చేసి "నీ పిల్లలు నాకు మూడొందలు బాకీ" అంటే, "మామిడిపళ్ళు పంపా కదరా, అందులో మినహాయించుకో" అంది.

మార్చింది:
1. షీట్ మొదటి వరస ఇప్పుడు 9వ తేదీ ఉదయం 11 గంటల రీడింగ్.
2. రోజు గడవగానే "ఇంకా ఎన్ని మిగిలాయి, ఎన్ని రోజులున్నాయి" అనే రెండు గడులు. అప్పటిదాకా అయిన సగటును నమ్మడం మానేశాను, ఎండాకాలంలో రేపు ఈరోజు లాగా ఉండదు.
3. గురి 200 కాదు, 192. చివర్లో ఒక ఇడ్లీ పిండి రుబ్బుడుకు, ఒక చుట్టం రాకకు చోటుండాలి.

దశ 5: మోటరు, పసుపు నీళ్ళు (మే 10 – 16)

మోటరు మా మీటరు మీదే ఉంది, పై పోర్షనుకూ అదే నీళ్ళు. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 35 నిమిషాలు. పిల్లలొచ్చాక మూడోసారి కూడా వేయాల్సి వచ్చింది.

మొదట టైమరు పెట్టాను, 35 నిమిషాలకు దానంతట అదే ఆగిపోయేట్టు, ట్యాంకు పొర్లకుండా ఉంటుందని. ఇది ఈ ప్రాజెక్టు మొత్తంలో తెలివితక్కువ పని. మాకు నల్లా నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి, ఒకరోజు రాలేదు, సంపు ఖాళీ. టైమరుకు ఆ సంగతి తెలీదు. 35 నిమిషాలు మోటరు ఉత్తగా తిరిగింది. సీలు పోయి నీళ్ళు కారడం మొదలైంది, బాగుచేయడానికి 900. సంపులో నీళ్ళు లేకపోతే ఆపే ఏర్పాటు లేకుండా మోటరుకు టైమరు పెట్టకండి. నేను టైమరు పీకేసి బాబుకు డ్యూటీ వేశాను, నీళ్ళు పొర్లే పైపు చప్పుడు వాడికే ముందు వినపడుతుంది.

అప్పుడు గానీ అసలు ప్రశ్న రాలేదు: ఇన్ని నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి? రెండు పోర్షన్లలోనూ ఫ్లష్ ట్యాంకుల్లో చెంచాడు పసుపు కలిపాం. రాత్రి వాడకుండా వదిలేసి పొద్దున చూస్తే మా కమోడ్‌లో తెల్లగానే ఉంది, పైన మాత్రం నీళ్ళు పచ్చగా! వాషరు అరిగిపోయి రాత్రంతా సన్నగా కారుతోంది, చప్పుడు కూడా లేదు. 80 రూపాయల వాషరు. మోటరు మొత్తం రోజుకు 40 నిమిషాలకు వచ్చేసింది, 1.3 యూనిట్ల నుంచి 0.75.

మోటరు కరెంటు ఖర్చు పంచుకుందామని పైన తమ్ముడితో మాట్లాడాను. వాళ్ళకు రేషన్ కార్డు ఉంది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) కింద జీరో బిల్లు. "డబ్బులిస్త అన్నా, మోటరు మాత్రం నా మీటరు మీద పెట్టకు, నా జీరో బిల్లు పోతది" అన్నాడు. నిజమే. అతని వాడకం 185 అటూ ఇటూ. ఆ పథకంలో 200 దాటితే పైన ఉన్న యూనిట్లకు కాదు, మొత్తానికి కట్టాలి. అతని గీత నా గీత కన్నా ఘోరం: 200 దగ్గర సున్నా, 201 దగ్గర అన్నీ కలిపి 1,160 దాకా. నెలకు వంద ఇస్తానన్నాడు, సరే అన్నాను. ఇప్పుడు అతనూ మిణుకులు లెక్కపెడుతున్నాడు.

ఖర్చు 850 + 900 + 80 = 1,830.

దశ 6: ఫ్రిజ్, కూలరు, ఫ్యాను (మే 11 – 25)

ఫ్రిజ్: లోపలి నాబ్ 5 మీద ఉంటే 1కి తిప్పాను. రోజుకు అర యూనిట్ పైనే తగ్గింది, సంబరపడే లోపు రెండో రోజు లీటరు పాలు విరిగాయి. మా ఆవిడ ఆ గిన్నె తెచ్చి నా షీట్ పక్కన పెట్టింది. 3కి మార్చాను. డోర్ రబ్బరు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే కింది మూల సులువుగా వచ్చేసింది, వేడినీళ్ళతో తుడిచి ఒత్తితే రబ్బరు కొంత సర్దుకుంది. గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపాం. ఈ మూడూ కలిపి 1.9 నుంచి 1.6. ఒక్కోదాని వాటా ఎంతో చెప్పలేను, మూడూ ఒకే రోజు చేశాను, అదీ తప్పే.

కూలరు: హాల్లో నట్టనడుమ పెట్టుకుని కిటికీలు మూసేవాళ్ళం, ఏసీ లాగా. గంటకల్లా గదంతా జిగట, చల్లదనం చాలక ఇంకా వేసే ఉంచేవాళ్ళం. కూలరుకు బయటి పొడిగాలి కావాలి. కిటికీలో బిగించి, ఎదుటి కిటికీ జానెడు తెరిచాం. రోజుకు 14 గంటలు నడిచేది 9కి తగ్గింది, 2.5 యూనిట్ల నుంచి 1.6. ఖర్చు సున్నా.

ఫ్యాను: బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే రకం) 2,900. మూడు కొందామనుకుని ఒకటే కొన్నాను. హాల్లోది రోజుకు 14 గంటలు తిరుగుతుంది, 72 వాట్ల చోట 30 అంటే నెలకు 17, 18 యూనిట్లు మిగులు. మీరు 200 దాటే ఇల్లయితే అవి 7.70 రేటువి, నెలకు 136 రూపాయలు, 21 నెలల్లో డబ్బు తిరిగొస్తుంది. 200 లోపే ఉంటే అవే యూనిట్లు 4.80వి, 34 నెలలు. పడకగది ఫ్యాన్లు తిరిగేది ఏడెనిమిది గంటలే, వాటికి మా లెక్కలో ఇప్పట్లో గిట్టదు.

మీ యూనిట్ విలువ ఎంతో మీ మొత్తం ఎక్కడ ఆగిందో చూస్తే గానీ తెలీదు. 211 నుంచి 200కి దిగిన పదకొండు యూనిట్లకు 295 వచ్చేది. 200 నుంచి 189కి దిగితే వచ్చేది 53. గీత దగ్గర్లో ఉన్నప్పుడు పీడకలలొచ్చేంత శ్రద్ధ పెట్టండి, మిగతా అప్పుడు ఇంట్లోవాళ్ళను వదిలేయండి.

ఖర్చు 1,830 + 2,900 = 4,730. బ్యాటరీ డబ్బు తీసేస్తే 1,530.

దశ 7: చివరి రెండు రోజులు (జూన్ 7 – 9)

జూన్ 7 ఉదయం రీడింగ్ 15,017. వాడింది 188, మిగిలింది 12, రోజులు రెండు. ఈమధ్య రోజుల్లో మా సగటు 6.3. అంటే 200.6 దగ్గర తేలతాం. 192 గురి ఎటు పోయిందంటే, పిల్లలు మే 20 దాకా ఉన్నారు, ఆ భారం అది.

బట్టలు రెండు రోజులు వాయిదా. ఇస్త్రీ బంద్. రుబ్బడం అమ్మ ఒప్పుకోలేదు, "ఇడ్లీ కూడా మీటరును అడిగి తినాలా" అంది, అది వదిలేశాం. 7 సాయంత్రం వాన పడింది, కూలరు వేయలేదు. ఇది నా గొప్ప కాదు.

9వ తేదీ 11:40కి రీడింగ్ అతను వచ్చాడు. బాబు గేటు దగ్గరే నిలబడ్డాడు. 15,027. యూనిట్లు 198, బిల్లు 932. రెండు యూనిట్ల తేడాతో గట్టెక్కాం. "మీ ఇంట్లో అందరూ మీటరు కాడనే ఉంటరేంది సార్" అన్నాడతను, మిషన్‌లోంచి బిల్లు చింపుతూ.

దశ 8: లెక్క (జులై 9)

రీడింగ్ 15,198. 171 యూనిట్లు, 801 రూపాయలు.

పోయిన ఏడాది ఇవే మూడు బిల్లులతో పోల్చితే (రేట్లు అవే):
ఏప్రిల్ – మే: 1,649 చోట 1,237. మిగులు 412.
మే – జూన్: 1,781 చోట 932. మిగులు 849.
జూన్ – జులై: 1,369 చోట 801. మిగులు 568.
మొత్తం 193 యూనిట్లు, 1,829 రూపాయలు. యూనిట్‌కి తొమ్మిదిన్నర పడింది, మేం వాడిన ఏ మెట్టులోనూ అంత రేటు లేదు. పెట్టిన 1,530 పోను 299 లాభం, పైన తమ్ముడు ఇచ్చే వందలు ఇందులో వేయలేదు.

జులై మూడో వారంలో కొత్త బ్యాటరీ వచ్చింది, 13,500. బిగించాక మొదట చేసిన పని అన్నీ ఆపి మీటరు దగ్గర కూర్చోవడం. 51 సెకన్లకొక మిణుకు, 22 వాట్లు. ఫర్వాలేదు. ఈసారి దానికి విడిగా స్విచ్చు కూడా పెట్టించాను. ఆ 13,500 కూడా ఈ పద్దులో కలిపి మొత్తం మళ్ళీ చూపించమని మా ఆవిడ వారం నుంచి అడుగుతోంది. ఇంకా కలపలేదు.